నిజమును నమ్మించుటకు అబద్ధము చెప్పవచ్చునా?

ధ్యానభాగములు: ఆదికాండము 12:10–20, 24:50–67, 26:6–11, యాకోబు 4:13–15



గత వేసవిలో మా సంఘమునందు ఒక వివాహము జరిగెను. పెండ్లికుమార్తె మా పేటలోనే పుట్టి పెరిగి, నర్సు చదువు చదివి, ఇంగ్లండులో ఒక ఆసుపత్రియందు కొన్ని యేండ్లు పనిచేసి, అచ్చట స్థిరనివాసపు హక్కు పొందిన పిల్ల. పెండ్లికుమారుడు పొరుగూరి హైస్కూలులో ఉపాధ్యాయుడు. పెద్దలు కుదిర్చిన సంబంధము. మొదటిసారి ఆమె సెలవుమీద వచ్చినప్పుడు ఇద్దరిని వరండాలో ఎదురెదురుగా కూర్చుండబెట్టి, కాఫీలు చేతికిచ్చి, పెద్దలందరు లోపలికి పోయిరి. అరగంట మాటలాడుకొనిరి. పిమ్మట ఎనిమిది నెలలు ఫోనులోనే మాటలు. రెండవ సెలవుకు ఆమె రాకముందే ఆలయములో వివాహ ప్రకటనలు చదివి, వచ్చిన తరువాత పెండ్లి జరిపించితిమి.

పెండ్లియై వారము తిరుగకముందే ఒక సాయంకాలము పిల్ల తండ్రి మాయింటికి వచ్చెను. చేతిలో ఒక కాగితము. పట్టణములోని వీసా ఏజెంటు వ్రాసియిచ్చిన జాబితా. అందులో ఒక పంక్తి మా పేరిట ఉన్నది.

“అయ్యగారూ, మీదొక చిన్న ఉత్తరం కావాలండి. పిల్లా పిల్లాడూ మూడేళ్లుగా మన యౌవనస్థుల కూటంలో కలిసి తిరిగినట్టు, అక్కడే ఒకరినొకరు ఇష్టపడినట్టు రాయాలంట. పెద్దలు కుదిర్చిన పెళ్లి అంటే ఆ దేశపోళ్లు నమ్మరంట.”

అంతటితో ఆగలేదు. ఫోటోలు కావలెనట. ఒకే దినమున ఉండవల్లి గుహలయొద్ద ఒకటి, బెజవాడలో కృష్ణ ఒడ్డున ఒకటి, సూర్యలంక సముద్రతీరమున ఒకటి, చోటుచోటున బట్టలు మార్చుకొని, మూడు వేర్వేరు సంవత్సరములలో తీసినట్లు తీయించవలెనట. ఆ ఫోటోలు పెండ్లికి ముందటివని కనబడవలెను గనుక పిల్ల తాళిని జాకెట్టులోనికి దోపుకొని, వ్రేలి ఉంగరము తీసి సంచిలో వేసికొనవలెనట.

“పిల్ల ఒప్పుకోవట్లేదండి. నిన్నటినుంచి అన్నం తినలేదు. మీరు చెబితే వింటుంది. వాళ్లకు పెళ్లయిన మాట నిజమే కదండీ? మీ చేతులతో మీరే చేశారు. నిజాన్ని నమ్మించడానికి చిన్న అబద్ధమాడితే తప్పా?”

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆదివారము గడిచిన తరువాత రమ్మంటిమి. ఆ ప్రశ్నను ఈ పత్రికలో మీ యెదుట పెట్టుటకు కారణము, అట్టి కాగితము చేతపట్టుకొని తిరుగు తండ్రులు నేడు ప్రతి మండలములోను ఉన్నారు. వారందరు అబద్ధికులు కారు. భయపడినవారు.

ఆ భయమునకు హేతువు లేకపోలేదు. ఇంగ్లండులో స్థిరపడిన వ్యక్తి తన భర్తనో భార్యనో రప్పించుకొనవలెనన్న, వివాహము చట్టబద్ధమైనదనియు, ఇద్దరును ముఖాముఖి కలిసికొనినవారేయనియు, కలిసి కాపురము చేయు నిజమైన ఉద్దేశముతో ఉన్నారనియు చూపవలెను. ఉండుటకు ఇల్లు చూపవలెను. వచ్చువానికి కొద్దిపాటి ఇంగ్లీషు పరీక్ష, క్షయ పరీక్ష. ఇక జీతము. 2012 జూలై నుండి రప్పించుకొనువారికి ఏటికి కనీసము 18,600 పౌండ్ల రాబడి ఉండవలెనని నిబంధన పెట్టిరి. 2024 ఏప్రిల్‌లో దానిని 29,000 పౌండ్లకు పెంచిరి. ఇక్కడి అబ్బాయి ఉపాధ్యాయపు జీతము అందులో లెక్కకు రాదు. అంతయు ఆ పిల్ల రాత్రి డ్యూటీల కష్టముమీదనే. 2024–25లో అచ్చటి ప్రభుత్వ ఆసుపత్రులలో కొత్తగా చేరిన నర్సు జీతము 29,970 పౌండ్లు. అనగా ఆ గడపను తగిలీ తగులక దాటినంత. దరఖాస్తు రుసుము 2025 ఏప్రిల్‌లో 1,938 పౌండ్లు చేసిరి. దానికితోడు ఏటికి 1,035 పౌండ్ల చొప్పున వైద్యపు సుంకము మొదటి గడువునకంతకు ముందుగానే కట్టవలెను. అది 3,105 పౌండ్లు. మన రూపాయలలో మొత్తము అయిదు లక్షలకు పైమాటయే. దరఖాస్తు త్రోసివేయబడిన యెడల రుసుము తిరిగి రాదు. అర ఎకరము కుదువపెట్టిన తండ్రి నిద్ర పోవునా?

నమ్మరను భయము కూడ గాలిలోనుండి పుట్టినది కాదు. 1979లో లండను హీత్రో విమానాశ్రయమున, తన కాబోయే భర్తను పెండ్లాడుటకు వచ్చిన మన దేశపు ఉపాధ్యాయురాలికి, ఆమె చెప్పినది నిజమో కాదో తేల్చుటకని, ఈ పత్రికలో వ్రాయుటకు సిగ్గుపడదగిన శరీర పరీక్ష చేసిరి. గార్డియన్ పత్రిక ఆ సంగతిని బయటపెట్టగా ఆ పద్ధతిని మాన్పించిరి. అటుపిమ్మట 1980 దశకమంతయు, 1997 జూన్ వరకును, ఇంకొక నిబంధన నడిచెను. ‘ఈ పెండ్లి ముఖ్యోద్దేశము ఈ దేశములో ప్రవేశించుట కాదు’ అని దంపతులే నిరూపించవలెను. లేనిదానిని లేదని నిరూపించుట ఎవని తరము? పెద్దలు కుదిర్చిన వివాహములు ఆ జల్లెడలో ఎన్నో చిక్కుకొనెను. ఆ నిబంధనను తీసివేసి ఏండ్లు గడిచినవి. పెద్దలు కుదిర్చినంతమాత్రమున నేడు దరఖాస్తును త్రోసివేయరు. ఇద్దరి సమ్మతియు ఉన్నదా, బలవంతమేమైన ఉన్నదా అనియే చూతురు. అయినను పాత భయము ఇండ్లలో నిలిచియున్నది. ఏజెంటులు దానిని అమ్ముకొని బ్రతుకుచున్నారు.

ఇప్పుడు వాక్యమునొద్దకు వత్తము. సరిహద్దు దాటుచు తన వివాహమునుగూర్చి తప్పు వాంగ్మూలమిచ్చిన మొదటి మనుష్యుడెవడు? విశ్వాసులకు తండ్రియైన అబ్రాము. కరవు వచ్చెను. ఐగుప్తు తప్ప దిక్కులేదు. పొలిమేరయొద్ద భార్యతో, నీవు నా సహోదరివని చెప్పుమనెను. అది పూర్తిగా కల్ల కాదు. ఆమె తన తండ్రి కుమార్తెయేగాని తల్లి కుమార్తె కాదని ఇరువదియవ అధ్యాయములో అతడే విప్పి చెప్పెను. సగము నిజము. మన ఏజెంటు మాటయు అట్టిదే: వీరిద్దరు ఒకరినొకరు ఎరుగుదురు, అది నిజము, మూడేండ్లనుండి, అది కల్ల.

ఆ అబద్ధము పనిచేసెను! దీనిని మన ప్రసంగములలో తరచుగా దాటవేయుదుము. అబ్రాముకు గొఱ్ఱెలు, పశువులు, ఒంటెలు దొరకెను. ప్రాణము దక్కెను. అయితే వెల చెల్లించినది ఎవరు? ఫరో యింటికి తీసికొనిపోబడినది శారయి. అబద్ధమాడినవాడు బయట మందలు లెక్కపెట్టుకొనుచుండగా, ఆ అబద్ధమును తన దేహముమీద మోయవలసినది ఆమె. ఆ రాత్రి ఆమె ఏమనుకొనెనో గ్రంథము చెప్పలేదు.

మాయెదుట కూర్చున్న తండ్రిని చూచినప్పుడు మాకు ఈ సంగతియే తోచెను. సంతకము చేయవలసినది ఎవరు? ఆయన కాదు. ఏజెంటు అంతకన్న కాదు. రప్పించుకొనువారిగా ఆ పిల్ల సంతకము చేయవలెను. మోసము బయటపడిన యెడల ఆ అబ్బాయి పదేండ్లు ఆ దేశపు గడప తొక్కకుండ నిషేధము కలుగవచ్చును. పిల్ల విషయము మరియొకటి: నర్సులు నీతిగా నడచుకొనవలెనని అచ్చటి నర్సుల మండలి నియమావళిలోనే ఉన్నది, ఆమె అన్నము దానిమీద ఆధారపడియున్నది. ధైర్యము మగవారిది, దండన ఆమెది. ఇది అబ్రాము కాలమునుండి వచ్చుచున్న వాడుక.

ఆదివారము తరువాత ఆయన వచ్చినప్పుడు ఈ మాటలు చెప్పితిమి. ఆయన బైబిలు చదువుకొనినవాడు, ఊరకుండలేదు. “రాహాబు అబద్ధమాడలేదా అండి? ఐగుప్తులో మంత్రసానులు ఆడలేదా? దేవుడు వాళ్లను దీవించలేదా?” అనెను.

సత్యము చెప్పవలెనన్న, ఈ ప్రశ్నకు మాయొద్ద పూర్తి జవాబు లేదు. వేదపండితులు దీనినిగూర్చి శతాబ్దములనుండి వాదించుచున్నారు. ఎట్టి పరిస్థితియందును అబద్ధము పాపమేయని అగస్టీను వాదించెను. మేమంత దూరము పోజాలము. మగశిశువులను చంపుమని ఆజ్ఞాపించిన రాజునకు మంత్రసానులు చిక్కకుండ చెప్పిరి. వేగులవారిని పట్టుకొనుటకు వచ్చిన భటులకు రాహాబు త్రోవ తప్పించెను. అడిగినవాని చేతిలో కత్తి ఉన్నది. నిజము చెప్పినచో ప్రాణము పోవును. వీసా అధికారి ఫరో కాడు. అతడడుగునది మీ బిడ్డ ప్రాణము కాదు, మీ బిడ్డ నిజము. ఆ నిజము మీయొద్ద ఉన్నది. రాహాబునకు నిజముతో గడచు దారి లేదు. మీకు ఉన్నది. ఉన్నదారిని విడిచి గోడ దూకుట ఎందులకు?

“నిబంధన న్యాయమైనది కాదుగా” అని ఆయన గొణిగెను. అందుకు మేము ఒప్పుకొంటిమి. దేవుడు జతపరచిన ఇద్దరి మధ్య జీతపు లెక్కను అడ్డముగా నిలుపుట మాకు సరియని తోచదు. ముప్పదివేలు తెచ్చుకొనువానికి భార్య ప్రక్కన ఉండవచ్చును, ఇరువదివేలు తెచ్చుకొనువానికి ఉండరాదు అనుట, వివాహమును ఆస్తిగలవారి సొత్తు చేయుటయే. ఇట్టి దంపతులు కొందరు న్యాయస్థానమునకు ఎక్కిరి. 2017 ఫిబ్రవరిలో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము కనీస రాబడి నిబంధనను కొట్టివేయలేదుగాని, బిడ్డల క్షేమమును ఆ నిబంధనలు తగినట్లు పట్టించుకొనలేదని తప్పుపట్టెను. అది బహిరంగముగా చేయు పోరాటము. అన్యాయమును అన్యాయమనుట సాక్ష్యము. అన్యాయపు తలుపునకు దొంగతాళము చేయించుట వేరు. ఆ తాళము చేసినవాడు ఆ తలుపు మారవలెనని ఇక కోరడు.

ఇచ్చట మేము ఒక సంగతి ఒప్పుకొనవలెను. లేనియెడల పై మాటలు పరిసయ్యుని మాటలగును. పదునైదేండ్ల క్రిందట మేమును అట్టి ఉత్తరమొకటి వ్రాసితిమి. ఒక యౌవనుడు విదేశములో వేదాంత పాఠశాలకు దరఖాస్తు పెట్టుకొని, రెండేండ్లు మా ఆదివారపు బడిలో బోధించినట్లు వ్రాయుమని వేడుకొనెను. వచ్చినది నాలుగు ఆదివారములు. తల్లి విధవరాలు. జాలిపడి వ్రాసి, సంఘపు ముద్ర వేసితిమి. అతనికి సీటు వచ్చెను. ఎవరును పట్టుకొనలేదు. అతడు సెలవులకు వచ్చి వేదికమీద సాక్ష్యము చెప్పునప్పుడు మేము చూపు దించుకొందుము. అతడును మావైపు చూడడు. ఇంతకు మించి మాకు కలిగిన నష్టమేదియు లేదు. అయితే అతనితో కలిసి ప్రార్థించుట మాకు నేటివరకు రాలేదు.

కావున ఆ తండ్రితో పాపము, దండన అను మాటలు ఎక్కువగా మాటలాడలేదు. మేము అడిగినది ఇది: ఈ అబద్ధము ఒక్క రోజుతో తీరునా? మొదటి అనుమతి రెండేండ్ల తొమ్మిది నెలలకు. పిమ్మట మరల దరఖాస్తు, మరల కాగితములు. అయిదేండ్లు నిండిన తరువాత గాని స్థిరనివాసమునకు అడుగ వీలులేదు. ప్రతిసారి పాత ఫైలు అచ్చటనే యుండును. యౌవనస్థుల కూటములో ఎవరు మొదట పలుకరించిరి? ఏ పాట పాడిరి? ఆ పగలు సముద్రమునకు ఏ బస్సులో పోయిరి? ఇద్దరును కూర్చుండి లేని దినములను వల్లించుకొనవలెను. కొత్త దంపతులు ఒకరినొకరు నేర్చుకొనవలసిన కాలములో అబద్ధమును నేర్చుకొందురు. రేపు వారి బిడ్డ, అమ్మా మీరెట్లు కలిసికొంటిరని అడిగినప్పుడు ఏ కథ చెప్పుదురు?

అన్నిటికంటె, ఆ వరండా సంగతి. అరగంట మాటలు, చల్లారిపోయిన కాఫీ. అతడు తన తల్లి మోకాళ్ల నొప్పులనుగూర్చి చెప్పెనట. ఆమె తనకు రాత్రి డ్యూటీ తరువాత నిద్ర పట్టదని చెప్పెనట. అది వారి ఆరంభము. దానిని సిగ్గుపడవలసిన దానివలె దాచి, దాని స్థానమున సినిమాలోని కథను పెట్టుమని పిల్లను అడుగుచున్నాము. ఉంగరము తీయుమనుచున్నాము! వివాహమును నిరూపించుటకు వివాహపు గురుతునే దాచవలెనట. ఏ బుద్ధిమంతుడైన దీనిని ఆలోచించి చూడవలదా?

ఆదికాండము ఇరువది నాలుగవ అధ్యాయము చదువుడి. దూరదేశపు సంబంధము. పెండ్లికుమారుడు కనబడనే లేదు, దాసుడు వచ్చెను. ఇంటివారు తమ సమ్మతి చెప్పిరి. అయినను బయలుదేరు ఘడియ వచ్చినప్పుడు పిల్లను పిలిచి, ఈ మనుష్యునితో పోవుదువా అని ఆమెనే అడిగిరి. ఆమె నోటి మాట ఆమె చెప్పెను. నేడు అధికారులు అడుగు ‘సమ్మతి’ అంతకంటె ఎక్కువేమి? ఆ అధ్యాయపు చివరి మాటలలో క్రమమును గమనించుడి: గుడారములోనికి తోడుకొనిపోవుట, భార్యగా చేసికొనుట, అటుపిమ్మట ప్రేమించుట. ప్రేమ చివర వచ్చెను. దానిని గ్రంథకర్త దాచలేదు, సిగ్గుపడలేదు.

ఆ ఇస్సాకే తరువాత గెరారులో తన తండ్రి చేసిన తప్పునే చేసెను. ఇది వేరొక దినము ధ్యానింపదగినది. భార్యను సహోదరియని చెప్పి చాలాకాలము గడిపెను. ఒక దినము రాజైన అబీమెలెకు కిటికీలోనుండి చూడగా ఇస్సాకు రిబ్కాతో సరసమాడుచుండెను. అంతే. కాగితమక్కరలేదు, సాక్షి అక్కరలేదు. వీరు భార్యాభర్తలని రాజునకు తెలిసిపోయెను. కిటికీలోనుండి కనబడునది అబద్ధమునకంటె బలమైనది.

ఈ పిల్లలకు అట్టి కిటికీ లేదా? వెదకి చూచితిమి. ఎనిమిది నెలల ఫోను పిలుపుల పట్టీ ఉన్నది. ఆమె రాత్రి డ్యూటీ దిగిన వేళ, అతడు బడిలో మధ్యాహ్నపు భోజనమునకు కూర్చున్న వేళ. అతని తల్లి మోకాళ్ల మందులకు పెండ్లికి ముందే ఆమె పంపిన డబ్బు, బ్యాంకు కాగితములో. రెండు సెలవుల విమాన టిక్కెట్లు. పెండ్లి ఫోటోలు, వందమంది బంధువులతో, తాళితోను ఉంగరముతోను. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వ్రాసిన మా రిజిస్టరులో వారిద్దరి సంతకములు, సాక్షుల సంతకములు. ఇంతకంటె ఏమి కావలెను? ఏజెంటు జాబితాలో వీటిలో సగము లేనేలేదు. ఆయన దృష్టి సూర్యలంకమీద ఉండెను.

ప్రయాణపు సంగతి ఒకటి మిగిలెను. తండ్రికి తొందర. క్రిస్మసునాటికి అల్లుడు అచ్చట ఉండవలెనని టిక్కెట్టు మాటలాడి వచ్చెను. తానును భార్యయు కూడ తోడుగా పోవలెనని ఆశ. యాకోబు తన పత్రికలో రేపు ఫలాని పట్టణమునకు పోవుదుమని లెక్కలు వేసికొనువారిని గద్దించిన సంగతి జ్ఞాపకము చేసితిమి. తీర్పు చేతికి రాకముందు టిక్కెట్టు కొనవద్దని గట్టిగా చెప్పితిమి. భార్యాభర్తల వీసాలో తలిదండ్రులు చేరరు. చూచి రావలెనన్న వేరుగా సందర్శకుల వీసాకు దరఖాస్తు పెట్టుకొనవలెను, మామూలుగా ఆరు నెలలకు మించి ఉండరాదు. అబ్బాయి తల్లికి ఆయనే ఒక్క కొడుకు. ఆమెకు ఈ సంగతి ఎవరును విప్పి చెప్పలేదు. స్థిరనివాసమనగా పది దినముల ప్రయాణము కాదని ఆమెతో చెప్పవలసిన పని కూడ మామీద పడెను. మోకాళ్లమీద చేతులు పెట్టుకొని వినెను. “వాడు సంతోషంగా ఉంటే చాలండి” అనెను గాని, లేచి లోపలికి పోయి చాలసేపు బయటికి రాలేదు.

ఆ మరునాడు తండ్రి కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఉత్తరము వ్రాయుడనెను, మీకు తోచినట్లే వ్రాయుడనెను. ఆయన ముఖమున భయము పోలేదు. మేము సంఘపు కాగితముమీద ఇట్లు వ్రాసితిమి: ఈ ఇద్దరి వివాహము పెద్దలు కుదిర్చినది. మొదట వారు ఒకరినొకరు చూచినది వధువు తండ్రి ఇంటి వరండాలో, అరగంటసేపు. వివాహమునకు ముందు ఇద్దరిని వేర్వేరుగా పిలిచి, ఇష్టమేనాయని మేమే అడిగితిమి. ఇద్దరును ఇష్టమేయని చెప్పిరి. ప్రకటనలు చదివినప్పుడు ఎవరును అభ్యంతరము చెప్పలేదు. వివాహము మేమే జరిపించితిమి.

ముద్ర వేసి చదివి వినిపించితిమి. అరగంట కాదు, ముప్పదియైదు నిమిషములని పిల్ల దిద్దెను. గోడ గడియారము ఆమెకు ఎదురుగానే ఉండెనట. దిద్ది మరల వ్రాసితిమి. ఈ నెల పత్రిక అచ్చుకు పోవు దినమునకు జవాబు ఇంకను రాలేదు. అబ్బాయి ప్రతి ఉదయము యథాప్రకారము బడికి పోవుచున్నాడు.